కాగితములు - కాయము

సంపాదకీయమున సొంత గోడు వెళ్ళబోసికొనుట మర్యాద కాదని మేమెరుగుదుము. సంఘపు పత్రిక సంఘపు విషయములకే గాని సంపాదకుని యింటి విషయములకు గాదు. అయినను గత మాసమున మేము పోగొట్టుకొన్న యొక దినమును గూర్చి ఈ వారము వ్రాయ నిశ్చయించితిమి. ఆ దినమున మేము పడిన అగచాట్లు మా యొక్కరివే కావనియు, మన కుటుంబములలో పెక్కింటికి నేడో రేపో తప్పనివే యనియు మాకు తోచినది. అంతేకాక, పోయినదనుకొన్న దినము మాకొక గొప్ప మేలు చేసిపోయినది. ఆ మేలును దాచుకొనుట న్యాయము కాదు.

మన యిండ్లలో ప్రతి యింటను ఒక రేకు పెట్టె యుండును. అందులో ఇంటి దస్తావేజులు, పొలము పట్టాలు, బంగారము కొన్న రసీదులు, పిల్లల బడి సర్టిఫికెట్లు, ఎన్నడో తీరిపోయిన అప్పు నోట్లు సైతము గుడ్డలో చుట్టి భద్రముగా నుండును. కాగితమును దాచుటలో మనము ఎవ్వరికిని తీసిపోము. దానిని కాలానుగుణముగా సరిచేయుటలో మాత్రము మనవంటి సోమరులు వేరొకరు లేరు. ఈ మాట ఇతరులను దృష్టియందుంచుకొని చెప్పుట లేదు. మా పెట్టెను చూచియే చెప్పుచున్నాము.

మా తండ్రిగారు గతించి రెండేండ్లు దాటినది. ఆయన వాడిన బండి, 1980 నుండి మన హోసూరు పేరును దేశమంతట మోసిన టి.వి.యస్. మోపెడ్ జాతికి చెందినది, నేటికిని మా అంగడికి సరకులు మోయుచున్నది. బండి ఆయన పేరనే యున్నది. దానిని మేము నడపుచున్నాము. ఆ మధ్య ఒక సాయంకాలము దారిలో పోలీసులు బండ్లను ఆపి కాగితములు పరిశీలించుచుండిరి. మా వంతు వచ్చినపుడు రెండు సంగతులు బయటపడినవి. బండి యజమాని జీవించి లేడు. బండి నడపువాని లైసెన్సు గడువు ముగిసి మూడు నెలలైనది. 1988 నాటి మోటారు వాహనముల చట్టమునకు 2019లో జరిగిన సవరణ ప్రకారము చెల్లుబాటైన లైసెన్సు లేక బండి నడపినవానికి 5,000 రూపాయల జరిమానా. నలుగురు చూచుచుండగా ఆ జరిమానా చెల్లించితిమి. సంఘపు సమావేశములలో చట్టమును గౌరవింపవలెనని ఉపన్యసించిన నోటితో ఆనాడు ఒక్క మాటయు రాలేదు.

మరునాడు పెట్టె దింపి, కాగితములు వెదకి, ఆ వారములోనే రెండు పనులును ఒక్క దినమున ముగింపవలెనని రవాణా కార్యాలయమునకు బయలుదేరితిమి. బస్సులోనే పోతిమని వేరుగ చెప్పనక్కరలేదు. అది ఏ యూరి కార్యాలయమో చెప్పబోము. చెప్పినచో తప్పు వారిదని చదువరులు తలంతురు. నిజమాలోచించినచో తప్పులో ఎక్కువ పాలు మాదే.

యజమాని మరణించినపుడు బండిని అనుభవించు వారసుడు 30 దినములలో ఆ సంగతిని నమోదు అధికారికి తెలుపవలెను. అట్లు తెలిపినచో మూడు నెలల వరకు బండిని వాడుకొనవచ్చును. ఆ మూడు నెలలలో 31వ నమూనా పత్రమున దరఖాస్తు పెట్టి పేరు మార్పించుకొనవలెను. నియమము ఇంత తేటగా నున్నది. మేము రెండేండ్లు ఊరకుంటిమి. ఆలస్యమునకు కట్టవలసినది కట్టెదమని కౌంటరు ముందు నిలుచుంటిమి. బండి నమోదు పత్రము, భీమా, కాలుష్యపు సర్టిఫికెట్టు, మరణ ధ్రువపత్రము, తహసీలుదారు ఇచ్చిన వారసుల ధ్రువపత్రము, తోబుట్టువుల సమ్మతి పత్రములు వరుసగా అందించితిమి. గుమాస్తా అన్నింటిని తిరుగవేసి, రెండు కాగితములను ప్రక్కప్రక్కన బెట్టి, "ఇందులో చనిపోయినవారు ఒకరు, బండి యజమాని వేరొకరు" అనెను.

మాకు నవ్వు వచ్చెను. పిమ్మట కాగితములు చూచుకొనగా నవ్వు పోయెను. బండి పత్రములో మా తండ్రిగారి పేరునకు ముందున్న అక్షరము మా ఇంటిపేరుది. మరణ ధ్రువపత్రములో ఉన్న అక్షరము మా తాతగారి పేరుది. అదియునుగాక ఒకచోట పేరు గకారముతోను, రెండవచోట కకారముతోను ఆరంభమైనది. గుమాస్తా చేతికి వచ్చినది కాగితము. ఆ కాగితములలో ఇద్దరు మనుష్యులున్నారు. ఆయనను ఎట్లు తప్పుపట్టగలము?

ఈ పేరుల చిక్కు మన ప్రవాసాంధ్ర కుటుంబములకు ప్రత్యేకమైనది. అందువలన ఇచట కొంచెము నిలిచి ఆలోచింపవలసియున్నది. ఆంధ్రదేశమున పేరునకు ముందుండు అక్షరము ఇంటిపేరునకు గుర్తు. తమిళనాడున అది తండ్రి పేరునకు గుర్తు. మన పెద్దలు ఇంటిపేరు అక్షరము పెట్టుకొని వ్యవహరించిరి. బడిలో చేర్చుకొనిన ఉపాధ్యాయుడు స్థానికాచారము చొప్పున తండ్రి పేరు అక్షరము వ్రాసెను. ఒకే యింట అన్నకు ఒక అక్షరమును తమ్మునికి వేరొక అక్షరమును ఉండుట మనము చూచుచునే యున్నాము. పైగా తమిళ లిపిలో క, గ లకు వేరువేరు అక్షరములు లేవు. గంగయ్య యను పేరు తమిళమున వ్రాసి, దానినుండి ఇంగ్లీషులోనికి మార్చినపుడు కంగయ్య యగుట వింత కాదు. అది వ్రాసిన గుమాస్తా దోషము కాదు, చదివి చూచుకొనని మన దోషము.

ఇతర రాష్ట్రములలోని మనవారి స్థితియు ఇట్టిదే. కర్ణాటకమున అక్షరము ఒక్కొక్కప్పుడు ఊరి పేరునకును, ఒక్కొక్కప్పుడు తండ్రి పేరునకును గుర్తు. షోలాపురము మొదలగు మహారాష్ట్ర పట్టణములలో ముందు తన పేరు, నడుమ తండ్రి పేరు, చివర ఇంటిపేరు. ఒడిశాలోని బరంపురము వైపున ఇంటిపేరు చివరకు పోయినది. ఫ్రెంచివారి పాలన 1954 వరకు సాగిన యానాములో పాత నమోదులలోని పేరులు ఫ్రెంచి వర్ణక్రమమున నుండును. వానిని ఇంగ్లీషు కాగితములతో పోల్చినచో తాతయు మనుమడును ఒకే వంశమువారని తెలియుట కష్టము. మన ఇంటిపేరు మన ఆస్తి. అది మన పూర్వుల ఊరిని, వృత్తిని, వంశమును చెప్పును. దానిని వదలుకొనుమని మేము చెప్పుట లేదు. ఏ పద్ధతిని వ్రాసినను అన్ని కాగితములలోను ఒక్క తీరుగనే వ్రాయింపుడని మాత్రము చెప్పుచున్నాము. అక్షరము గాక పూర్తి ఇంటిపేరే వ్రాయించుట అన్నింటికంటె మేలు. ఒక్క అక్షరము ఎవరి యర్థమైనను మోయును. పూర్తి పేరు తన యర్థమునే మోయును.

ఇద్దరును ఒకరేయని నోటరీ యెదుట ప్రమాణ పత్రము వ్రాయించి తెమ్మని గుమాస్తా చెప్పెను. ఆ పని యటుంచి, లైసెన్సు కౌంటరునకు పోతిమి. అచట దరఖాస్తు చూచి, "మీకు నలువది నిండినవి. డాక్టరు సర్టిఫికెట్టు ఏది?" అని అడిగిరి.

నలువది ఏండ్లు నిండినవారు లైసెన్సు పునరుద్ధరణకు 1-ఎ నమూనాలో వైద్యుని ధ్రువపత్రము జతపరుపవలెను. ఇది చట్టములోనున్న నియమమే. వెనుకటి లైసెన్సు తీసికొనినపుడు మాకు నలువది రాలేదు గనుక ఆ నియమముతో మాకు పని పడలేదు. బయటకు వచ్చి చెట్టు క్రింద నిలుచుండగా ఒక మధ్యవర్తి దరిచేరెను. మనవాడే, మన భాషవాడే. "అన్నా, ఇంత చిన్నదానికి మీరు డాక్టరు దగ్గరికి పోయేదేమి? ఫొటో ఒకటి ఇచ్చి, టీ తాగి రాండి. సంతకము పెట్టిన కాగితము నేను తెచ్చి ఇస్తాను" అనెను. ఆయన అడిగిన సొమ్ము కొద్దిపాటిది. పొద్దెక్కుచుండెను. అంగడి మూసి వచ్చితిమి.

చదువరులు మమ్ము సత్యవంతులని తలంపవలదు. మేము సొమ్మును ఫొటోను ఇచ్చితిమి. టీ కూడ త్రాగితిమి. అరగంటకు ఆయన తిరిగి వచ్చి, ఎల్లప్పుడును సంతకము పెట్టు డాక్టరు ఆనాడు ఊరిలో లేడని చెప్పి సొమ్ము తిరిగి యిచ్చెను. మేము నిజమైన వైద్యుని కడకు పోవుటకు కారణము ఇదియే గాని మా సద్గుణము కాదు. ఆ డాక్టరు ఆనాడు ఊరిలో నుండినచో మా యెడమ కన్ను ఏమి కానుండెనో తలచుకొన్న ఒడలు జలదరించుచున్నది.

ప్రక్క వీధిలో ఒక చిన్న వైద్యశాల కలదు. అందులోని డాక్టరమ్మ తమిళురాలు, వయస్సున మాకంటె చిన్నది. కాగితము ముందుబెట్టి సంతకము చేయుమని అడిగితిమి. ఆమె కాగితమును ప్రక్కనబెట్టి మమ్ము కూర్చుండుమనెను. మొదట రక్తపు పోటు చూచెను. 170/100 ఉన్నదని చెప్పి, కొంతసేపు కదలక కూర్చుండబెట్టి మరల చూచెను. పెద్దగా తగ్గలేదు. అటుపిమ్మట మమ్ము వైద్యశాల వాకిటికి తీసికొనిపోయెను. వీధి చివర ఒక ఆటో నిలిచియుండెను. అది అచటికి సుమారు 25 మీటర్ల దూరము. ఎడమ కన్ను మూసికొని ఆటో సంఖ్య చదువుమనెను. చదివితిమి. కుడి కన్ను మూసికొని చదువుమనెను. ఆటో కనబడినది. సంఖ్య కనబడలేదు.

కన్ను నలుపుకొని మరల చూచితిమి. పసుపుపచ్చని పలకపై నల్లని మరక మాత్రమే కనబడినది. మా యెడమ కన్ను ఎన్నాళ్ళనుండి ఇట్లున్నదో మాకు తెలియదు. రెండు కన్నులతోను చూచువాడు ఒక కన్ను చేయు పనిని రెండవది మోయుచున్నదని ఎట్లెరుగును? డాక్టరమ్మ వ్రేలి కొనను సూదితో పొడిచి నెత్తుటి చుక్క పరీక్షించెను. చక్కెర 318. "మీకు చక్కెర జబ్బు ఉన్నదని ఇంతకు ముందు ఎవరును చెప్పలేదా?" అని అడిగెను. ఎవరును చెప్పలేదంటిమి. మేము ఎవరినైన అడిగియుంటిమా యని ఆమె అడుగలేదు. అడిగినచో మాకు సమాధానము లేదు.

అచటినుండి ఆమె చీటీతో కంటి ఆసుపత్రికి పోతిమి. కనుపాప విప్పారుటకు మందు చుక్కలు వేసి, గంటసేపు కూర్చుండబెట్టి, కంటి వెనుక తెరను పరిశీలించిరి. మధుమేహము చాలకాలముగ లోపల నుండుటచే ఆ తెరలోని సన్నని నెత్తుటి నాళములు దెబ్బతిని కారుచున్నవనియు, ఎడమ కంటి చూపు నిలుచు చోట వాపు వచ్చినదనియు, కుడి కంటిలోను తొలి గుర్తులు కలవనియు చెప్పిరి. పోయిన చూపు అంతయు తిరిగివచ్చునని మాట ఇయ్యలేమనిరి. కంటిలో వేయు సూదిమందుల వలనను, అవసరమైనచో లేజరు చికిత్స వలనను, అన్నింటికంటె ముఖ్యముగ చక్కెరను రక్తపు పోటును అదుపున బెట్టుట వలనను, ఉన్న చూపును నిలుపవచ్చుననిరి. ఇంకొక ఏడాది ఊరకున్నచో ఏమగునని అడిగితిమి. ఆ వైద్యుడు మాటలాడక మా భుజముపై చేయి వేసెను.

సాయంకాలము ప్రమాణ పత్రముతో కార్యాలయమునకు తిరిగి వచ్చితిమి. కంటి చుక్కల వలన వెలుతురు కత్తులవలె గ్రుచ్చుచుండెను. చేతిలోని అక్షరములు అలుకుకొనిపోయినవి. దరఖాస్తులో ఇంకొక పుట నింపవలెనని కౌంటరులో చెప్పిరి. ఆ పుట మాకు కనబడలేదు. జీవితమున మొదటిసారి ఒక కాగితమును చేతబట్టుకొని ఎవరైన చదివిపెట్టుదురాయని నలువైపుల చూచితిమి. ప్రక్కనున్న తమిళ యువకుడు తన వరుస విడిచి వచ్చి మాకు చదివి వ్రాసిపెట్టెను. పేరునకు ముందు ఏ అక్షరము వ్రాయవలెనని ఆయన అడిగినపుడు ఒక నిముషము ఆలోచింపవలసి వచ్చినది. మా పుట ముగియునప్పటికి కౌంటరు మూసిరి. రేపు రమ్మనిరి.

దినమంతయు పోయినది. బండి పేరు మారలేదు, లైసెన్సు రాలేదు. అయినను ఆ రాత్రి మమ్ము నిదురపోనీయని సంగతి ఇది కాదు. లైసెన్సు దరఖాస్తుతో బాటు 1వ నమూనా యను స్వయం ప్రకటన పత్రమొకటి ఉండును. మూర్ఛ కలదా, తల తిరుగుట కలదా, రేచీకటి కలదా, ఒక్కొక్క కంటితో 25 మీటర్ల దూరమున బండి సంఖ్యను చదువగలవాయని అందు అడిగియుందురు. ఆ పత్రమును మేము ముందునాటి రాత్రి అంగడి లెక్కలు చూచుకొనుచు నింపితిమి. ఏ ప్రశ్నయు చదువలేదు. జబ్బులన్నింటికి లేదని, చూపునకు ఉన్నదని గుర్తుపెట్టి, క్రింద సంతకము చేసితిమి. ఏండ్ల తరబడి మమ్మెవరును అడుగని ప్రశ్నను ప్రభుత్వపు కాగితము అడిగినది. మేము దానికి అబద్ధపు సమాధానము చెప్పితిమి. అది అబద్ధమని మాకే తెలియదు. ఒక్కొక్క కన్ను మూసి గోడమీది క్యాలెండరు చూచియుండినచో ఆ రాత్రియే తెలిసియుండెడిది.

మనము కాగితములను అడ్డంకులనియే ఎంచుచున్నాము. వానిని ఏదో విధముగ దాటుటే తెలివియనుకొనుచున్నాము. కాగితములలో నిరర్థకమైనవి ఉండవచ్చును, ఇద్దరు కానివారిని ఇద్దరని చెప్పునవియు ఉండవచ్చును. కాని వానిలో మన మేలుకోరి అడుగు ప్రశ్నయు ఒకటి యుండును. సొమ్మిచ్చి సంతకము కొనువాడు అడ్డంకితో బాటు ఆ ప్రశ్నను కూడ దాటిపోవును. పైగా ఈ మోసము మనతోనే ఆగదు. ఒక కంటితో బండి నడపుచు సంతబజారులో మేము ఎందరి ప్రక్కగా పోయితిమో, వారిలో చిన్నపిల్లలెందరో దేవునికే యెరుక.

మధుమేహము ఎక్కడనో ఉన్న జబ్బు కాదు. భారత వైద్య పరిశోధనా మండలి పూనికతో జరిగి 2023లో ప్రకటింపబడిన దేశవ్యాప్త పరిశీలన ప్రకారము మన దేశమున 10 కోట్లకు పైగా జనులకు మధుమేహము కలదు. మరి 13 కోట్లకు పైగా జనులు దాని అంచున నున్నారు. ఈ జబ్బు మొదట నొప్పి పెట్టదు. కంటికి కీడు చేయునపుడును తొలి దశలలో నొప్పియు లేదు, మసకయు లేదు. పరగడుపున చక్కెర 126 అంతకు మించినను, మూడు నెలల సగటు తెలుపు పరీక్షలో 6.5 శాతము అంతకు మించినను వైద్యులు దీనిని మధుమేహమని నిర్ణయింతురు. రక్తపు పోటు 140/90 మాటిమాటికి దాటుచున్నచో అదియు జబ్బే. మధుమేహము కలదని తెలిసినవారు చూపు బాగుగనే యున్నను ఏటేట కంటి తెరను పరీక్షింపించుకొనవలెను. తెల్లవారినది మొదలు రాత్రి వరకు గల్లాపెట్టె ముందు కూర్చుండి, మధ్యాహ్నము మూడింటికి అన్నము తిని, నడుమ నడుమ చక్కెర వేసిన కాఫీలు త్రాగు మా వర్తకుల జీవితము ఈ జబ్బునకు ఆహ్వాన పత్రికవంటిది.

ఇంకొక సంగతి చెప్పుకొనుటకు సిగ్గగుచున్నది. ఇంటింటికి పోయి రక్తపు పోటును చక్కెరను పరీక్షించి మందులిచ్చు "మక్కళై తేడి మరుత్తువం" అను పథకమును తమిళనాడు ప్రభుత్వము 2021 ఆగస్టు 5వ తేదీన ప్రారంభించినది. ప్రారంభించిన చోటు చెన్నపట్టణము కాదు, మన కృష్ణగిరి జిల్లాలోని సామనపల్లి. పేరులోనే మన పల్లె వినబడుచున్నది. ఆ పథకమున పనిచేయు ఆరోగ్య కార్యకర్త ఒకతె ఒకనాడు మా యింటికి వచ్చినది. "మాకేమి జబ్బమ్మా, అవతల ముసలివారుందురు, వారిని చూడు" అని మేము గడపలోనుండియే పంపివేసితిమి. మా తండ్రిగారప్పటికి బ్రతికియే యున్నారు. ఆయనకును పరీక్ష జరుగలేదు. ఒకనాటి ఉదయము అంగడి తలుపు తీయుచు ఆయన కూలిపోయిరి. ఆయనకు ఏమి జబ్బుండెనో నేటికిని మాకు తెలియదు. ఆయన పేరులోని అక్షరమును సరిచేయుటకు ఈనాడు నోటరీ కడకు తిరుగుచున్నాము. ఆయన నెత్తుటి చుక్కను పరీక్షింపించుటకు ఆనాడు ఐదు నిముషములు ఓపికపట్టలేకపోతిమి.

ఇక కర్తవ్యమును గూర్చి. సంఘ సభ్యుల యెదుట నాలుగు సంగతులు ఉంచుచున్నాము.

మొదటిది: ఈ మాసములోనే ప్రతి గృహస్థుడును ఇంటి పెట్టె దింపి అందరి కాగితములను ప్రక్కప్రక్కన బెట్టి పేరులు సరిపోల్చుకొనవలెను. పెద్దలు జీవించియుండగా సరిచేయించుట ఒకనాటి పని. వారు పోయినపిదప అది వారసులందరి పని. ఆధారు, రేషను కార్డు, బ్యాంకు పుస్తకము, బండి పత్రము, ఇంటి దస్తావేజు, ఈ యైదింటిలో పేరు ఒక్క తీరుగ నున్నచో తక్కినవి సులభముగ దారికి వచ్చును.

రెండవది: బండి గలవారు నామినీ పేరు వ్రాయింపవలెను. 2021లో కేంద్ర ప్రభుత్వము మోటారు వాహన నియమములను సవరించి, తన తరువాత బండి ఎవరికి చెందవలెనో యజమాని నమోదు పత్రములోనే చేర్పించుకొను వీలు కల్పించినది. లైసెన్సు గడువు ముగియుటకు ఏడాది ముందునుండియే పునరుద్ధరణకు దరఖాస్తు పెట్టవచ్చును. ముగిసిన ఏడాదిలోపల పెట్టినచో మరల నడపి చూపవలసిన పరీక్ష లేదు. ఏడాది దాటినచో పరీక్ష తప్పదు.

మూడవది: వైద్యుని ధ్రువపత్రమును మధ్యవర్తి చేత తెప్పించుకొనుటను మన కుటుంబములు మానవలెను. దీనిని తీర్మానముగ సంఘము ముందు ప్రతిపాదింప నున్నాము. ఆ తీర్మానమును మొట్టమొదట ఉల్లంఘింపబోయినవారము మేమే గనుక ప్రతిపాదించు అర్హతయు మాకే కలదు.

నాలుగవది: సంఘ భవనమున నెలకొక ఆదివారము ఉదయము రెండు బల్లలు వేయింపవలెనని మా సూచన. ఒక బల్లకడ మన చదువుకొన్న పిల్లలు కూర్చుండి పెద్దల కాగితములు చదివి, తప్పులు చూపి, దరఖాస్తులు నింపిపెట్టవలెను. రెండవ బల్లకడ రక్తపు పోటును చక్కెరను పరీక్షించుటయు, గోడపై చార్టు వ్రేలగట్టి ఒక్కొక్క కన్ను మూయించి చూపు చూచుటయు జరుగవలెను. ఇందుకు గొప్ప ధనము అక్కరలేదు. ఏటేట ఉగాది విందునకు మనము చేయు వ్యయములో కొంత తగ్గించినను చాలును. విందులో మిఠాయి ఒకటి తగ్గిన నష్టమేమో ఇక మా నోట రాదు.

భాషా సంఘమునకు బండ్ల కాగితములతోను నెత్తుటి పరీక్షలతోను ఏమి పనియని కొందరు పెద్దలు అడుగవచ్చును. ఆ ప్రశ్న గౌరవింపదగినదే. మన సంఘము తెలుగు బడుల కొరకును, తెలుగు పుస్తకముల కొరకును పుట్టినది. కాని భాష పుస్తకములలోనే యుండునా? మన వృద్ధులలో తెలుగు బడిలో చదివి తమిళము మాటలాడ నేర్చినవారు కలరు గాని తమిళము చదువ నేర్చినవారు తక్కువ. వారి మనుమలు తమిళమును ఇంగ్లీషును చదువుదురు గాని తెలుగు చదువలేరు. తాత చేతిలోని మందుచీటీ తాతకు తెలియదు. తాత చెప్పు నొప్పి మనుమనికి తెలియదు. కడుపులో దేవినట్లున్నదనియు, కాళ్ళు తిమ్మిరులెక్కుచున్నవనియు అవ్వ చెప్పిన మాటను వైద్యునికి తమిళమున ఎట్లు చెప్పవలెనో తెలియక "ఒంట్లో బాగులేదట" అని మాత్రము చెప్పి వచ్చు పిల్లలను మేము చూచితిమి. ఆ రెండు బల్లలకడ తాతయు మనుమడును ప్రక్కప్రక్కన కూర్చుండినచో ఒకడు కాగితము చదువును, మరియొకడు మాట నేర్పును. తెలుగు నిలుచుటకు ఇంతకంటె మంచి తరగతి గది మాకు తోచుట లేదు.

ఈ సంపాదకీయము వ్రాయునాటికి బండి పేరు మారినది. ఇద్దరు తండ్రులు ఒక్కరైరి. ఎడమ కంటికి రెండవ సూదిమందు వేసిరి. మాకు లైసెన్సు మాత్రము ఇంకను రాలేదు. కంటి వైద్యుని అభిప్రాయము వచ్చిన పిదపగాని కాగితముపై సంతకము చేయనని డాక్టరమ్మ చెప్పినది. మేము తొందరపెట్టలేదు. బండిని మా కుమారుడు నడపుచున్నాడు. మేము అంగడికి నడచియే పోవుచున్నాము. నడచుట మంచిదేయని వైద్యులును చెప్పిరి. దారిలో ఎదురగు సభ్యులు బండి ఏమైనదని అడుగుచున్నారు. వారికి వేరువేరుగ చెప్పలేక ఇచట అందరికిని ఒక్కమారే చెప్పితిమి. మమ్ము అడిగినవారు ఇంటికి పోయి, ఒక కన్ను మూసి గోడమీది క్యాలెండరు చూచుకొందురుగాక. పిమ్మట రెండవ కన్ను మూసి చూచుకొందురుగాక.